కంకణం కట్టిన తుపాకి ధర

పోలీసు శాఖలో ఆర్మరర్ అనే ఉద్యోగం ఒకటుంటుందని మీలో చాలామందికి తెలిసి ఉండదు. నేను చేరిన రోజున మా ఇంట్లో వాళ్ళకూ తెలియదు. కారేపల్లి దగ్గర మా తండాలో, పోలీసు అయ్యానంటే లాఠీ పట్టుకుని ఊరంతా తిరుగుతాననుకున్నారు. తీరా చూస్తే నా చేతికిచ్చింది నూనె డబ్బా, గుడ్డ పీలికలు, ఒక స్క్రూడ్రైవరు. ఖమ్మంలో, కొత్తగూడెంలో, చర్ల వైపు క్యాంపుల్లో ఇతరులు కాల్చిన తుపాకులు తుడిచి, చెడినవి బాగుచేసి పెన్షన్‌కు వచ్చాను. సర్వీసు మొత్తంలో ఒక్క మనిషి మీద కూడా గురిపెట్టలేదు. ఈ మాట గర్వంగానే చెప్పుకుంటాను, విన్నవాళ్ళు నవ్వినా సరే.

రిటైరయ్యాక ఇంకో పని తగులుకుంది. పాత లైసెన్సు తుపాకులకు ధర కట్టడం. వేట మీద నిషేధం రాకముందు ఈ అడవి అంచు ఊళ్ళలో ఆసాములు కొనుక్కున్న ఇంగ్లీషు తుపాకులు ఇప్పటికీ కొన్ని ఇళ్ళల్లో ఉన్నాయి. పెద్దాయన పోతాడు, పిల్లలు పంచుకోవాలంటారు, అప్పుడు నేను గుర్తొస్తాను. "కోటి రూపాయలు వస్తదా సార్" అని అడిగేవాడొకడు, "పాత ఇనుం సామాన్లోడికి ఏసెయ్యాల్నా" అని అడిగేవాడొకడు. ఎవరు చేశారు, భాగాల మీది నంబర్లు కలుస్తున్నాయా, గొట్టం లోపల తుప్పు ఎంత తిన్నది, భుజానికి ఆనించే కర్ర మీద అసలు పాలిష్ ఉందా, దానితో వచ్చిన తోలుపెట్టె ఏమైంది, ఇవన్నీ చూడాలి. చూసి రేటు చెప్పినా, కొనేవాడికి లైసెన్సు ఉంటేనే ఆ రేటుకు అర్థం. పాత తుపాకుల మోజున్న లైసెన్సుదారులు రాష్ట్రం మొత్తం గాలించినా కొద్దిమందే దొరుకుతారు. అందుకని నేను తొందరపడి ధర చెప్పను. నా నత్తనడక చూసి విసుక్కునేవాళ్ళు విసుక్కుంటారు, వాళ్ళకు టీ తాగమని చెప్తాను.

ఈ కేసు తెచ్చింది మా హెడ్డు. హెడ్ కానిస్టేబుల్‌గా దిగిపోయాడు కాబట్టి ఇప్పటికీ అందరం హెడ్డు అనే పిలుస్తాం. మనిషి స్టేషన్లలోనే పుట్టి పెరిగినట్టుంటాడు, అన్ని ఊళ్ళ కబుర్లూ అతని దగ్గరుంటాయి.

"అన్నా, ములకలపల్లి అవుతల ఒక డబుల్ బ్యారెల్ ఉంది. అన్నదమ్ములు పంచుకుంటుండ్రు. నువ్వొచ్చి రేటు చెప్తే లొల్లి ఖతం అయితది" అన్నాడు ఫోన్లో.

"డబుల్ బ్యారెల్లు గల్లీకొకటి ఉన్నయి గదనే."

"గవి వేరే. ఇది రవ్వలు చిమ్మే చర్రల తుపాకి కాదు, తూటా ఏసే రైఫిలు. ఎలక్షన్లొచ్చి స్టేషన్ల డిపాజిట్ చేసినప్పుడల్లా నేనే తీసుకున్న గద. భుజం మీద ఏసుకొని లోపల పెట్టిన. మస్తు బరువు."

నాకు నిద్ర పట్టలేదు. జోడు గొట్టాల రైఫిల్ అంటే పెద్ద జంతువుల వేటకు ఇంగ్లండులో ఒక్కొక్కటీ చేత్తో చేసింది. సర్వీసంతా లెక్కబెట్టుకున్నా అలాంటివి నేను పట్టుకున్నవి తక్కువ.

ఆ కుటుంబం ఎప్పుడో కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూములు చేసుకున్న వాళ్ళు, ఇప్పుడు మాట కూడా ఇక్కడిదే. పెద్దకొడుకు పామాయిల్ తోటలు చూసుకుంటూ తల్లితో ఆ ఇంట్లోనే ఉంటాడు. తుపాకి లైసెన్సు అతని పేరు మీదే. చిన్నకొడుకుది ఖమ్మంలో వ్యాపారం. ఇద్దరూ మంచివాళ్ళే, పంపకాలు వచ్చేసరికి మంచివాళ్ళకు కూడా గొంతు లేస్తుంది. చిన్నవాడి వాదన ఏమిటంటే, హైదరాబాదులో ఒకాయన కొంటానంటున్నాడు, అమ్మి చెరిసగం చేసుకుందాం, లేదా అన్న తన వాటాలో మార్కెట్ ధరకు వేసుకోవాలి. ధర తక్కువైతే ఉంచుకుంటాను, ఎకరాలు వదులుకునేంత అయితే నావల్ల కాదు అని పెద్దవాడు. ఇద్దరూ నా మాటకు కట్టుబడతామన్నారు.

మేం వెళ్ళేసరికి వాళ్ళ తల్లి వసారాలో కూర్చుని ఉంది. ఎనభై దాటిన మనిషి, చూపు మాత్రం చురుగ్గా ఉంది. కొడుకులు లోపలికి వెళ్ళగానే నన్ను దగ్గరకు రమ్మంది.

"నాయనా, రేటు కట్టేది నువ్వేనంట గద."

"అవ్ అమ్మా."

"ఎంత తక్కువైతే అంత తక్కువ రాయి. అది ఈ ఇంట్లనే ఉండాలె. నేను పొయినంక ఏమన్న చేసుకోనీ."

భర్త వస్తువు మీద మమకారం అనుకున్నాను. ఇలాంటివి నాకు కొత్త కాదు. చూసింది చూసినట్టు చెప్తానమ్మా, ఎక్కువా తక్కువా నా చేతుల్లో ఉండదు అన్నాను. తుపాకి ఉండటమో పోవటమో నేను చెప్పే అంకె మీద ఆధారపడి ఉంది, ఆ అంకె ఎక్కువే వచ్చేటట్టుంది. అందుకు నాకు ఇబ్బందిగానే ఉంది.

పండుగ కాకపోయినా, తుపాకిని చూపించే ముందు పూజ చేయాలన్నారు. ఆ ఇంటి పద్ధతి మీకు చెప్పాలి. దసరాకు ట్రాక్టరుకు, మోటారుకు, కొడవళ్ళకు బొట్టు పెట్టి చివర్న ఈ రైఫిల్‌కు పూజ చేస్తారు. పనిముట్టును తాకి కళ్ళకద్దుకోవడం మనందరికీ ఉన్నదే. వీళ్ళు ఇంకాస్త ముందుకు పోయారు. తుపాకిని పీట మీద నిలబెట్టి గోడకు ఆనిస్తారు. ఇంటిల్లిపాదీ ఒకరి తర్వాత ఒకరు వంగి, దాని మూతికి ఒక కన్ను, తర్వాత రెండో కన్ను ఆనించాలి. అందని పిల్లల్ని ఎత్తి పట్టుకుంటారు. కొత్త కోడళ్ళు, పుట్టువెంట్రుకలు తీయించిన పసివాళ్ళు, అందరూ. ఆ తర్వాత తల్లి ఒక పసుపు దారం చుట్టి ముడి వేస్తుంది. పాత దారం తీయరు, దాని మీదే కొత్తది. తుపాకిని మధ్యకు విరిచి తెరిచే మీట పైన ఉంటుంది, ట్రిగ్గర్లు రెండూ కింద. ఆ రెంటినీ కలిపి ఏటేటా చుట్టగా అక్కడ మణికట్టంత లావున పసుపు ముద్ద తయారైంది. భర్త పోయిన ఏడాది ఆమె మొదలుపెట్టిన కంకణం అట అది. అప్పటినుంచీ ఎవరూ విప్పలేదు.

"స్టేషన్ల కూడా తెరిచి చూడలేదానె" అని హెడ్డును చెవిలో అడిగాను.

"అమ్మవారి కంకణమాయె, ఎవడు కోస్తడన్నా. పెద్దమనుషుల ఇల్లు. గట్లనే పెట్టి గట్లనే ఇచ్చినం."

తుపాకి చేతికి రాగానే తెరిచి, లోపల ఖాళీగా ఉందో లేదో చూడాలి. మా పనిలో అది అక్షరాభ్యాసం. రిక్రూట్లకు తిట్లు తిట్టి మరీ నేర్పించాను. అలాంటి నేను, అతిథిని కదా అని ముందు పిలిస్తే, టోపీ తీసి పక్కన పెట్టి వంగి, ఆ మూతికి కుడికన్ను ఒకసారి, ఎడమకన్ను ఒకసారి ఆనించాను. చల్లగా తగిలింది. నా వెనక హెడ్డు. అతని వెనక మనవలు, మనవరాళ్ళు.

పూజ అయ్యాక వసారాలో దుప్పటి పరిపించి పని మొదలుపెట్టాను. పైపైన చూస్తేనే ఇది మామూలు సరుకు కాదని తెలిసింది. చేసిన వాళ్ళ పేరు గొట్టం మీద చెక్కుచెదరలేదు. ఇనుం మీద చెక్కిన ఆకులు, తీగలు కుంకుమ కింద అలాగే ఉన్నాయి. తోలుపెట్టె కూడా అటక మీంచి దించారు, మూలలు ఎలుకలు కొరికినా లోపల చేసినవాళ్ళు అతికించిన చీటీ అలాగే ఉంది. చిన్నకొడుకు నా ముఖం చూసి ధర పసిగట్టాడు. పెద్దవాడూ పసిగట్టాడు, అతని ముఖం వాడిపోయింది.

మధ్యాహ్నానికి బయటి భాగం అంతా చూడటం అయింది. ఇక తెరవాలి అన్నాను.

"పైనుంచి చూస్తివి గద, చాలు. అట్లనే రాసెయ్యి" అంది తల్లి.

"లోపల చూడకుండ ధర చెప్పలేనమ్మా. గొట్టం లోపల తినిపోయి ఉంటే సగానికి సగం పడిపోతది."

"తినిపొయిందనే రాసుకో."

కొడుకులిద్దరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. పెద్దవాడు తల్లి పక్కన కూర్చుని నచ్చజెప్పాడు, మళ్ళీ కొత్త కంకణం కడుదువులే, పంతులును పిలిపిస్తాను అన్నాడు. చిన్నవాడు మాట మీద నిలబడమన్నాడు. ఆమె కాసేపు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, లేచి లోపలికి వెళ్ళిపోయింది. అది ఒప్పుకోవడమే అనుకున్నాం.

నేను బ్లేడు తీశాను. దారాలు కింద పొరల్లో గట్టిపడి పోయాయి, ఒక పట్టాన తెగలేదు. కదలకుండా పట్టుకోమంటే హెడ్డు ముందు వైపు కూర్చుని గొట్టాలను మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. మూతి అతని పొట్ట వైపు ఉంది. ట్రిగ్గర్ల సందులోకి బ్లేడు పెట్టి, పోగు పోగు కోసి, వేలితో లాగి బయటపడేశాను. మీట చుట్టూ నూనె వేసి, ఊరనిచ్చి, బొటనవేలితో పక్కకు నెట్టాను. కిర్రుమంటూ తుపాకి విరిగి తెరుచుకుంది.

రెండు ఇత్తడి అంచులు నన్ను చూస్తున్నాయి.

మొదట అర్థం కాలేదు. కుడివైపు దాని నడుమ చిన్న గుంట ఉంది, సూది కొట్టిన గుర్తు. అంటే కాలిన తూటా తాలూకు ఖాళీ డొల్ల. ఎడమవైపు దాని మీద ఏ గుర్తూ లేదు. వేళ్ళతో బయటికి లాగాను. బొటనవేలంత తూటా, కొనన సీసం అలాగే ఉంది. తుపాకి వెనక కుంకుమ గట్టిపడిన చోట గోటితో గీకాను. సేఫ్టీ మీట ముందుకు నెట్టి ఉంది, అంటే పేలకుండా ఆపే అడ్డు తీసేసి ఉంది. తూటా మీద గుర్తు లేదంటే, దాన్ని కొట్టే లోపలి సుత్తి ఎక్కుపెట్టే ఉందన్నమాట. ఇన్నేళ్ళూ ఆ ఎడమ గొట్టం నిండుగా, పేలడానికి సిద్ధంగా, పీట మీద నిలబడింది.

పిల్లలు కళ్ళు ఆనించిన ఆ మూతి తప్ప ఇంకేమీ కనబడలేదు. ట్రిగ్గర్లను కదలనీయకుండా పట్టి ఉంచింది ఆ దారం ముద్ద ఒక్కటే, దాన్ని నా చేత్తో నేనే కోసి పారేశాను. కోసేటప్పుడు బ్లేడు జారి ఉంటే హెడ్డు ఈపాటికి లేడు.

"పాతది గద అన్నా, పేలకపోవునేమో" అన్నాడు హెడ్డు.

"తడి తగల్లేదు. పేలేది."

అతను మెల్లగా లేచి, వసారా చివరకు వెళ్ళి స్తంభాన్ని పట్టుకుని నిలబడ్డాడు. ఆ తుపాకిని ఎన్ని ఎలక్షన్లకు భుజాన వేసుకున్నాడో, అప్పుడు మూతి ఎవరి వైపు ఉండేదో లెక్క వేసుకుంటున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. చిన్నవాడు పిల్లల్ని ఇంటి వెనక్కు పొమ్మని కసిరాడు, ఎందుకు కసురుతున్నాడో వాళ్ళకు తెలియలేదు.

ఎప్పుడు వచ్చిందో, తల్లి గుమ్మంలో నిలబడి ఉంది. నా చేతిలోని తూటాను చూసి ఆమె అన్న మాట ఇది:

"రెండూ పేలలేదా?"

అందరం ఆమె వైపు తిరిగాం. తుపాకి అంటే కుంకుమ పెట్టడం తప్ప ఏమీ తెలియదనుకున్న మనిషి.

"ఏందమ్మా, ఏమంటున్నవ్" అన్నాడు పెద్దకొడుకు.

ఆమె వచ్చి గడప మీద కూర్చుంది. తూటా మీంచి చూపు తిప్పకుండా చెప్పింది.

"మీ నాయన పొయ్యి రెండు నెలలు కాలేదు. మీరిద్దరు ఖమ్మంల హాస్టల్ల ఉన్నరు. అప్పుడు అడివిలకెళ్ళి నక్సలైట్లొచ్చి తుపాకులు గుంజుకపోతుండిరి. పక్కూర్ల మనిషిని కొట్టి తీస్కపొయిండ్రు. స్టేషన్ల ఇచ్చిరమ్మంటె, ఆయన వస్తువు, పానం ఒప్పలేదు. మీ నాయన చేస్తుంటె చూసిన గద, రెండు తూటాలు పెట్టి పక్కల పెట్టుకుంటుంటి. ముసురు పట్టి ఉంది. దీపాలు పెట్టేటాళ్ళకు కొట్టం కాడ మనిషి నిలబడ్డట్టు కనపడ్డది. ఎవరు అన్న. పలకలే. రెండు వేళ్ళు పెట్టి గుంజిన."

"అమ్మా" అన్నాడు చిన్నకొడుకు.

"నేను యెల్లెల్కల పడ్డ. చెవులు పనిచెయ్యలే. రెండూ పేలినయనుకున్న. ఇన్నొద్దులు గట్లనే అనుకుంటున్న."

"ఎవరమ్మా వచ్చింది?"

"ఏమో. అమ్మా అని పిలిచినట్టయింది. పిలిచినంక కాల్చిన్నో, కాల్చినంక పిలిచిండో నాకు ఎరుక లేదు."

తెల్లారి చూస్తే కొట్టం దగ్గర వాన నీళ్ళు తప్ప ఏమీ లేవట. ఫలానా మనిషి కనబడటం లేదని ఏ గూడెంలోనూ అనుకోలేదట. అనుకున్నా ఆమె దాకా రాలేదేమో. ఆమె ఇంకో మనిషికి చెప్పలేదు. తుపాకి తెరిస్తే కాలిన తూటాలు బయటపడతాయని, ఆ దసరాకు దారం చుట్టింది. కొడుకులు పెద్దయ్యాక కళ్ళకద్దుకోవడం మొదలుపెట్టారు, ఆమె కాదనలేకపోయింది. లోపల ఉన్నవి రెండూ ఖాళీలే కదా అని ధైర్యం. మొదటి దెబ్బకు పడిపోయేటప్పుడే రెండో వేలు జారిపోయి ఉంటుందని ఆమెకు తట్టలేదు. తక్కువ రాయి నాయనా అని నన్ను ఎందుకు అడిగిందో అప్పుడు తెలిసింది. అమ్మితే తెరుస్తారు.

పోలీసు జీతం తిన్నవాణ్ణి, హెడ్డూ అంతే. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఫిర్యాదు లేదు, మనిషి లేడు, పేరు లేదు. కొడుకులు మా వైపు చూస్తున్నారు. పెద్దకొడుకును వెంటబెట్టుకుని ఆ రోజే స్టేషన్‌కు వెళ్ళి తూటాలు రెండూ అప్పగించాం. ఒకటి లైవ్, ఒకటి ఎంప్టీ అని నోటితో కూడా చెప్పాను. లైవ్ చూసి అక్కడి కుర్రాళ్ళు నోళ్ళు తెరిచారు. ఎంప్టీ గురించి ఒక్కరూ అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేవాణ్ణో నాకు ఇప్పటికీ తెలియదు.

తిరిగి వచ్చి మిగతా పని పూర్తిచేశాను. వేరే దారి ఏముంది, వచ్చిన పని అదే. ఎడమ గొట్టం అద్దంలా ఉంది. కుడి గొట్టం లోపల నిండా గుంటలు పడ్డాయి. ఆ కాలపు తూటా మందు కాలాక ఉప్పులా మిగులుతుంది, వెంటనే కడగకపోతే ఇనుమును తినేస్తుంది. కడిగే మనిషి ఏడి? ఆ ఒక్క దెబ్బకు ధరలో మూడో వంతు తగ్గించాను. కుంకుమ తిన్నదానికి ఇంకొంత. అయినా పదకొండు లక్షలు తేలింది. ఎండ వాలేదాకా కూర్చుని, కూడి, తీసేసి, మళ్ళీ కూడి అప్పుడు చెప్పాను.

అన్నదమ్ముల మధ్య ఇక తగువు లేదు. ఎంతకైనా అమ్మేయమని పెద్దవాడే అన్నాడు. చిన్నవాడు లెక్క కూడా సరిగా వినలేదు. తల్లి అడ్డు చెప్పలేదు. దాచడానికి ఆ ఇంట్లో ఇంకేమీ మిగల్లేదు.

కొడుకులు పెట్టెను లోపల పెట్టడానికి వెళ్ళారు. హెడ్డు బండి తీస్తున్నాడు. నేను చెప్పులు వేసుకోబోతుంటే ఆమె నా పక్కకు వచ్చింది.

"నాయనా, ఒక్క మాట. ఆ తూటా ఎంత దూరం పోతది? మనిషికి తగిలి ఉంటదా?"

ఆ రైఫిల్ పెద్ద జంతువును నిలబడ్డ చోటే పడేయడానికి చేసింది. కొట్టం దాకా దూరం నేను పొద్దున్నే చూశాను, గురి లేకపోయినా తగిలేంత దగ్గర.

"తగలదమ్మా. అలవాటు లేని చేతిల దాని మూతి పైకి లేస్తది. చెట్ల మీదికెళ్ళి పొయ్యుంటది" అన్నాను. మూతి పైకి లేచేసరికి తూటా గొట్టం దాటి పోతుందని నాకు తెలుసు.

ఆమె గడప దాకా వెళ్ళి వెనక్కు తిరిగింది.

"ధర చెప్పేటందుకు పొద్దంత పట్టింది నీకు. ఇది అడగంగనే చెప్తివి" అని లోపలికి వెళ్ళిపోయింది.